అమ్మ వంటింట్లో పొద్దున్నే గ్యాస్ వాసన, కొత్త పొయ్యి కొంటే పోతుందా?

నాగావళి ఒడ్డు | శనివారం రాత్రి 8:10

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస. నేను ఉద్యోగం కోసం హైదరాబాదులో ఉంటున్నాను, ఊళ్లో అమ్మా నాన్నా ఇద్దరే. మొన్న దసరాకి వెళ్లినప్పుడు పొద్దున్నే వంటింటి తలుపు తీయగానే గ్యాస్ వాసన కొట్టింది. అమ్మని అడిగితే "అప్పుడప్పుడూ వస్తాదిరా, తలుపు తీస్తే పోతాది" అంది. పొయ్యిలు బాగుచేసే అతన్ని పిలిచి చూపించాను. బండ అయిపోవచ్చింది, అడుగు గ్యాస్‌కి వాసన ఎక్కువ, భయం లేదు అని చెప్పి, బర్నర్లు తుడిచి మూడు వందలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొత్త బండ వచ్చింది. దానికీ వాసన వస్తోందని నిన్న అమ్మ ఫోనులో వేరే మాటల మధ్యలో మామూలుగా చెప్పింది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

పొయ్యి పాతదే, 11 ఏళ్లు అయింది, ఎడమవైపు మంట పసుపుపచ్చగా వస్తుంది, గిన్నెల అడుగంతా మసి. కొత్తది కొనేద్దామనుకుంటున్నాను. గాజు పలకది మంచిదా, స్టీలుదా? మన జిల్లాలో వాడుతున్న వాళ్లు చెప్పండి.

గంటస్తంభం | శనివారం రాత్రి 8:45

బాబూ, పొయ్యి సంగతి రేపు చూద్దాం. నేను విజయనగరంలో గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌గా 30 ఏళ్లకు పైగా చేసి మానేసినవాణ్ణి. ముందు నాకు నాలుగు సంగతులు చెప్పు. బండ ఎక్కడ పెట్టారు? పైపు ఏ రంగు, దాని మీద ఏ సంవత్సరం అచ్చు వేసి ఉంది? రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేస్తారా, లేక పొయ్యి నాబ్ మాత్రమేనా? వంటింట్లో దీపం పెట్టే అలవాటు ఉందా?

ఇవి కనుక్కునేలోపు ఇంకో పని. ఇప్పుడే ఇంటికి ఫోను చేసి, ఈ రాత్రికి నాన్నగారి చేత రెగ్యులేటర్ ఆఫ్ చేయించి, బండ నుంచి తీయించి, దారంతో కట్టి ఉండే ప్లాస్టిక్ మూతని బండ మూతికి బిగించమను. వాసన ఉన్నప్పుడు ఆ గదిలో లైటు వేయొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు కూడా. ఫోను వంటింట్లోకి తీసుకెళ్లొద్దు, వీధిలో నిలబడి మాట్లాడమను.

నాగావళి ఒడ్డు | శనివారం రాత్రి 9:30

చేయించానండీ. నాన్న టార్చి బయటే వెలిగించుకుని లోపలికి వెళ్లి తీసి మూత పెట్టారు. మీరు అడిగినవి ఇవి. నిరుడు వంటింటికి చెక్క పని చేయించాం, బండ గట్టు కింద అరలో ఉంది, తలుపులు వేసి ఉంటాయి. పైపు ఆకుపచ్చది, బజార్లో మీటరు లెక్కన కొన్నది, సంవత్సరం ఏమీ కనిపించడం లేదన్నారు, నా లెక్కలో ఏడేళ్లు దాటింది. చెక్కకి కన్నం పెట్టి అందులోంచి పైకి తీశారు. రెగ్యులేటర్ అమ్మ ఎప్పుడూ కట్టదు. బండ అర లోపల వెనక్కి ఉంటుంది, అమ్మకి మోకాళ్ల నొప్పులు, వంగలేదు.

దీపం ఉంది. దేవుడి మూల వంటింట్లోనే. ఇప్పుడు కార్తీకం కదా, తెల్లవారకముందే లేచి నేల మీద పీట వేసి దీపం పెడుతుంది.

గంటస్తంభం | శనివారం రాత్రి 10:20

నేను భయపడింది సరిగ్గా ఇదే. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మనం వాడే గ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలాగా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. పైన కిటికీ ఎంత తెరిచి ఉన్నా నేలమట్టంలో దారి లేకపోతే అది పూర్తిగా బయటికి పోదు. నీ ఇంట్లో బండ చుట్టూ చెక్క పెట్టె కట్టారు, అంటే రాత్రంతా కొద్దికొద్దిగా కారిన గ్యాస్ ఆ అరలో నిండి, తలుపు సందుల్లోంచి నేల మీదకి వస్తోంది. తెల్లవారుజామున మీ అమ్మగారు అదే నేల మీద అగ్గిపుల్ల గీస్తున్నారు. గాలిలో సుమారు 2 శాతం గ్యాస్ కలిస్తే చాలు, అంటుకుంటుంది. బండలో ఉన్నది ద్రవం, అది గ్యాస్ అయితే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. చిన్న కారుడే కదా అనుకోవడానికి లేదు.

అడుగు గ్యాస్‌కి వాసన ఎక్కువ అని ఆ అబ్బాయి చెప్పిన మాటలో సగం నిజం ఉంది. గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియడం కోసం ఇథైల్ మెర్కాప్టాన్ అనే మందు కలుపుతారు. బండ ఖాళీ అయ్యేకొద్దీ మిగిలిన గ్యాస్‌లో ఆ మందు పాలు పెరుగుతుంది, వాసన ఘాటుగానే వస్తుంది. కానీ నాబ్‌లన్నీ కట్టేసి ఉన్నప్పుడు ఆ వాసన బయటికి రావాలంటే ఎక్కడో ఒక దారి ఉండాలి కదా. ఆ దారి ఎక్కడుందో చూడకుండా "అయిపోవచ్చింది" అని వెళ్లిపోవడం తప్పు. పైగా పెద్దవాళ్లకి వాసన పట్టే శక్తి తగ్గుతుంది, రోజూ అదే వాసనలో ఉన్న ముక్కు దాన్ని గుర్తించడం మానేస్తుంది. అమ్మగారు అప్పుడప్పుడూ అంటున్నారంటే రోజూ ఉండి ఉండొచ్చు.

పొద్దున్నే 1906కి ఫోను చెయ్యి. గ్యాస్ లీకు కోసమే పెట్టిన నంబరు, ఏ కంపెనీ బండ అయినా, ఏ వేళ అయినా పనిచేస్తుంది. మీ ఏజెన్సీకి కూడా చెప్పు. వాళ్ల మనిషి వచ్చి చూసేదాకా ఆ బండ వాడొద్దు. రెండు పూటలు హోటలు నుంచి తెప్పించుకోమను.

చీపురుపల్లి జంక్షన్ | ఆదివారం ఉదయం 6:55

అన్నయ్యా, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఆ అబ్బాయికి అనవసరంగా టెన్షన్ పెడుతున్నారేమో అనిపిస్తోంది. మా ఇంట్లో 20 ఏళ్లుగా అదే ఆకుపచ్చ పైపు, ఏమీ కాలేదు. బండ అయిపోవస్తే పక్కకి పడుకోబెట్టి ఇంకో రెండు రోజులు లాగుతాం, మా వీధిలో అందరూ చేసేదే.

గంటస్తంభం | ఆదివారం ఉదయం 7:40

తమ్ముడూ, కోపం లేదు, కానీ ఆ పడుకోబెట్టడం ఈ రోజే మానేయండి. బండ నిలబెట్టి ఉన్నప్పుడు పైన చేరిన గ్యాస్ మాత్రమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. పడుకోబెడితే అడుగున మిగిలిన ద్రవం నేరుగా వచ్చేస్తుంది. రెగ్యులేటర్ చేసింది గ్యాస్ కోసం, ద్రవం కోసం కాదు. ఆ ద్రవం పైపులోకి వచ్చి గ్యాస్‌గా మారితే పొయ్యి దగ్గర మంట మనిషంత ఎత్తు లేస్తుంది. వేడినీళ్లలో బండ పెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ అంతే ప్రమాదం. ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో బండని పైనుంచి కిందికి తుడవండి. ఖాళీ భాగం త్వరగా ఆరుతుంది, ద్రవం ఉన్నంత మేర తడి కాసేపు నిలుస్తుంది. అది చూసుకుని ముందే బుక్ చేసుకోండి.

ఇక 20 ఏళ్ల పైపు. రబ్బరు వేడికి, నూనెకి గట్టిపడి, వంచినచోట వెంట్రుకంత పగుళ్లు ఇస్తుంది. ఓసారి వేలితో వంచి చూడండి. మన ఊళ్లలో ఎలుకలు కొరకడం వేరే. ఏజెన్సీలో దొరికే సురక్షా పైపు నారింజ రంగులో ఉంటుంది, లోపల తీగ అల్లిక ఉంటుంది, మీద ఐఎస్ 9573 అనే ప్రమాణం నంబరు, తేదీ అచ్చు వేసి ఉంటాయి. ఐదేళ్లకోసారి మార్చాలి. మీటరున్నర దాటకూడదు, గోడ కన్నంలోంచో చెక్క కన్నంలోంచో తీయకూడదు, అందంగా ఉంటుందని గుడ్డ తొడగకూడదు. పైపు మొత్తం కంటికి కనిపిస్తూ ఉండాలి. ఒక పైపుకి టీ జాయింటు పెట్టి రెండు పొయ్యిలు నడపడం నేను చాలా ఇళ్లలో చూశాను, పీకించేశాను.

జీడితోట పలాస | ఆదివారం ఉదయం 9:15

దీపం మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. చీకట్లో వంట, గట్టు కింద నేల మీద కొవ్వొత్తి పెట్టుకుని మా అత్త కూరలు తరుగుతోంది. బండ ఆమె పక్కనే. గాలికి గోడ కూలినప్పుడు బండ ఓసారి దొర్లింది, మేం లేపి నిలబెట్టి అలాగే వాడేస్తున్నాం. మూడో రోజు నేను వాసన పట్టి కొవ్వొత్తి చేత్తో నలిపి ఆర్పేశాను. తీరా చూస్తే రెగ్యులేటర్ కొద్దిగా వంకరపోయి ఉంది. దేవుడి దయ.

తుపాను తర్వాత దొర్లిన బండ, బురదనీళ్లు తాకిన రెగ్యులేటర్ ఏజెన్సీ వాళ్లకి చూపించకుండా బిగించకండి. కరెంటు లేనప్పుడు వెలుతురు కావాలంటే టార్చి, చార్జింగ్ లైటు. మన తీరానికి తుపాన్లు కొత్త కాదు, అక్టోబరుకి ముందే ఒక లైటు కొని పెట్టుకోండి.

బొబ్బిలి వీణ | ఆదివారం ఉదయం 10:05

ఆమదాలవలస తమ్ముడూ, మీ అమ్మగారి మోకాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అసలు సమస్య అక్కడే ఉందనిపిస్తోంది. రాత్రి రెగ్యులేటర్ కట్టమని ఎన్నిసార్లు చెప్పినా, చెయ్యి అందని చోట ఉంటే ఆవిడ కట్టలేదు. మా అమ్మకీ ఇదే బాధ. మేమేం చేశామంటే ఆ అర తలుపులు రెండూ పీకించేశాం, అంచున కర్టెను కూడా పెట్టలేదు. బండని లోపలికి తోయకుండా ముందుకి, గట్టు అంచుకి దగ్గరగా పెట్టాం. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపితే రెగ్యులేటర్ అందుతుంది. చూడ్డానికి బాగోలేదని చెక్కపని అతను నొచ్చుకున్నాడు, నొచ్చుకోనివ్వండి. తలుపులు ఉండే తీరాలంటే పైనా కిందా, ముఖ్యంగా నేలమట్టంలో, గాలి ఆడే జాలీలు పెట్టించాలి.

దీపం గురించి ఆవిడతో వాదనకి దిగకండి. హాలులో తూర్పువైపు చిన్న గూడు కొట్టించి, దేవుణ్ణి అక్కడికి మారుద్దామని అడగండి. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. మంచిరోజు చూసి, పంతులుగారిని పిలిచి మార్చాక ఆవిడే సంతోషించారు, వంట పొగ లేకుండా దేవుడు చల్లగా ఉన్నాడని.

నాగావళి ఒడ్డు | సోమవారం సాయంత్రం 6:30

అందరికీ ముందు చేతులెత్తి దండం. ఆదివారం పొద్దున్న 1906కి ఫోను చేశాను, మధ్యాహ్నంలోపు మనిషి వచ్చాడు. నేను వీడియో కాల్‌లో చూస్తూనే ఉన్నాను, నాన్న ఫోను పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డారు. వచ్చిన మనిషి మొదట బండ మూతిలోకి చూశాడు, లోపల ఉండాల్సిన రబ్బరు వాషరు ఒకవైపు చిట్లి ఉంది. తర్వాత బండని పెరట్లోకి తెచ్చి బిగించి సబ్బు నురగ రాస్తే పైపు పొయ్యికి తగిలే చోట బుడగలు, బండ మూతి దగ్గర బుడగలు. రెండు చోట్ల! పైపు ఆ చివర వంచితే పగులు నాకు ఫోనులో కూడా కనిపించింది. చెక్క కన్నం అంచుకి రాసుకుని మధ్యలో కూడా చీలుతోంది.

వాషరు మార్చాడు, సురక్షా పైపు వేశాడు, రెగ్యులేటర్ కూడా మార్చుకోమని ఏజెన్సీకి రాసిచ్చాడు. అర తలుపులు నాన్నే స్క్రూలు విప్పి తీసేశారు.

అమ్మకి దీపం సంగతి చెబితే "నలభై ఏళ్ల నుంచి ఈ మూలే పెడుతున్నాను, ఇప్పుడేటయ్యింది" అంది. సబ్బు బుడగల వీడియో చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఈ రోజు తెల్లవారుజామున పీట హాలులో వేసుకుందని నాన్న చెప్పారు.

గంటస్తంభం | సోమవారం రాత్రి 8:00

మంచి మాట చెప్పావు బాబూ. ఆ సబ్బు నురగ పరీక్ష బండ మార్చిన ప్రతిసారీ చేయించు. బండ తెచ్చిన అబ్బాయి చేతే సీలు విప్పించి, వాషరు చూపించమని, నురగ రాయమని నాన్నగారు నిలబడి అడగాలి, అది వాళ్ల పనే. బరువు కూడా తూయమనొచ్చు. ఖాళీ బండ బరువు పైన రేకు మీద రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే లెక్క సరిపోవాలి. లీకు చూడ్డానికి అగ్గిపుల్ల గీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అలాంటివాళ్లని ఇంట్లోకి రానివ్వకు.

ఇప్పుడు పొయ్యి. పసుపుపచ్చ మంట అంటే గ్యాస్‌కి తగినంత గాలి కలవడం లేదని. చాలాసార్లు బర్నరు కన్నాల్లో పొంగిన పాలు, పప్పు గట్టిపడి ఉంటాయి. ఇత్తడి బర్నర్లయితే వేడినీళ్లలో చింతపండు వేసి నానబెట్టి, కన్నాలు సన్నటి సూదితో తీసి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. కింద జెట్‌ని మాత్రం సూదితో పొడవొద్దు, కన్నం పెద్దదైతే గ్యాస్ ఎక్కువ వస్తుంది, అది మెకానిక్ పని. నాబ్ బిగుసుకుంటే నూనె వేయకండి, దానికి వేరే గ్రీజు ఉంది.

నీది 11 ఏళ్లది కాబట్టి మార్చడమే మేలు. ఐఎస్ 4246, ఐఎస్ఐ గుర్తు చూసి కొను. గాజు పలక తుడవడం తేలిక, కానీ బర్నరు మించిన పెద్ద గిన్నె గంటలకొద్దీ పెట్టినా, వేడి పలక మీద చన్నీళ్లు పడినా పగలొచ్చు. మీ అమ్మగారు పండగలకి పెద్ద గిన్నెల్లో వండుతారు కదా, నా మాట వింటే స్టీలుది, రెండు బర్నర్లది కొను. పొయ్యి ఎప్పుడూ బండకంటే ఎత్తులో ఉండాలి, కిటికీకి ఎదురుగా వద్దు, మంట ఆరిపోయి గ్యాస్ వస్తూనే ఉంటుంది.

అరసవల్లి వీధి | సోమవారం రాత్రి 9:10

గ్యాస్ గీజరు గురించి కూడా రాయండి ఎవరైనా. చలికాలం వస్తోంది. మా బంధువుల అమ్మాయి రెండేళ్ల క్రితం అద్దె ఇంట్లో బాత్రూములో పడిపోయింది. లోపల గడియ, కిటికీ మూసి ఉంది, గీజరు లోపలే గోడకి బిగించారు. నీళ్ల చప్పుడు ఆగకపోతే వాళ్ల అమ్మకి అనుమానం వచ్చి తలుపు బద్దలుకొట్టారు. బతికింది, కానీ చాలా రోజులు తలనొప్పితో బాధపడింది. ఆ ఇంట్లో గ్యాస్ లీకవ్వలేదు, ఎవరికీ వాసనే రాలేదు.

గంటస్తంభం | సోమవారం రాత్రి 9:50

వాసన రాకపోవడమే దాంట్లో అసలు ప్రమాదం అమ్మా. అది లీకు కాదు. మూసిన చిన్న గదిలో మంట మండితే గాలిలో ప్రాణవాయువు తగ్గి, గ్యాస్ సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, కాళ్లలో బలం పోవడం, మనిషి తలుపు తీసేలోపే స్పృహ తప్పుతుంది.

గీజరు బాత్రూము బయట, గాలి ఆడే చోట, పొగ గొట్టం ఆరుబయటికి వచ్చేలా ఉండాలి. అద్దె ఇంట్లో ఇప్పటికే లోపల ఉంటే ఇంటాయన మార్చేదాకా వాడొద్దు. పొయ్యి మీద నీళ్లు కాచుకోండి.

రాజాం రోడ్డు | మంగళవారం ఉదయం 8:20

మా అబ్బాయి శ్రీకాకుళంలో గది తీసుకుని చదువుతున్నాడు. చిన్న బండ, మీదనే బర్నరు ఉండేది, బజార్లో పెద్ద బండ నుంచి నింపి ఇస్తారట. ఇది చదివాక నాకు వణుకు వచ్చింది. వంట లేకుండా పిల్లలకి గడవదు, ఏం చేయాలి?

బొబ్బిలి వీణ | మంగళవారం ఉదయం 9:00

అన్నయ్యగారూ, అది ఈ రోజే పక్కన పెట్టించండి. ఒక బండలోంచి ఇంకోదానికి గ్యాస్ ఎక్కించడం చట్టప్రకారం నేరం. ఆ బండలకి పరీక్ష ఉండదు, రెగ్యులేటర్ ఉండదు. 5 కిలోల బండ కంపెనీల వాళ్లే అమ్ముతారు, ఇండియన్ ఆయిల్ వాళ్లది ఛోటూ అంటారు. ఊళ్లో కనెక్షన్ లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. మా చెల్లెలి కొడుక్కి అదే కొన్నాం. దానికి సరైన రెగ్యులేటర్, ఐఎస్ఐ పైపు, విడిగా పొయ్యి పెట్టించండి.

జీడితోట పలాస | మంగళవారం మధ్యాహ్నం 1:30

ఇంకొక మాట. 2024 నవంబరు 1న మన జిల్లా ఈదుపురంలోనే దీపం-2 అనే ప్రభుత్వ గ్యాస్ పథకం మొదలైంది, ఏడాదికి మూడు బండలు ఉచితం. మా పక్క పల్లెల్లో కట్టెల పొయ్యి మానేసి పూర్తిగా గ్యాస్ మీదే వండుతున్న ఆడవాళ్లు పెరిగారు. బండ ఇస్తున్నారు కానీ పైపు ఎప్పుడు మార్చాలో చెప్పేవాళ్లు లేరు. మీలో ఎవరైనా పల్లెలకి వెళ్తే నోటితో చెప్పండి, చదువు రానివాళ్లకి పైపు మీది తేదీ ఎవరు చదివిపెడతారు.

ఆయిల్ కంపెనీలు వినియోగదారుల కోసం బీమా తీసుకుంటాయి, మనం కట్టేదేమీ లేదు. గ్యాస్ ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు. జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి.

చీపురుపల్లి జంక్షన్ | మంగళవారం రాత్రి 7:15

గంటస్తంభం అన్నయ్యా, మొన్న మీతో అలా మాట్లాడినందుకు ఏమనుకోకండి. మీరు చెప్పినట్టు పైపు వంచి చూశాను. నాలుగు చోట్ల పగుళ్లు. పీకేశాను, రేపు కొత్తది తెస్తాను. బండ పైన పిడి కింది పట్టీల లోపలివైపు ఇంగ్లీషు అక్షరం, అంకెలు ఉన్నాయి, అవేమిటి? మాది డి 24 అని ఉంది.

గంటస్తంభం | మంగళవారం రాత్రి 7:40

అది బండకి మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు తమ్ముడూ. ఏ అంటే మార్చి లోపు, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు, పక్కది సంవత్సరం. డి 24 అంటే 2024 డిసెంబరుతో గడువు అయిపోయింది. రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, గాలి తగిలే చోట నిలబెట్టి ఉంచు, పొద్దున్నే ఏజెన్సీకి ఫోను చేసి వేరేది తెమ్మను. ఇవ్వాల్సిందే వాళ్లు.

చీపురుపల్లి జంక్షన్ | బుధవారం ఉదయం 11:05

మార్చి ఇచ్చారు. ఇప్పుడు వచ్చినది బి 28. మా వీధిలో ఇంకో ఆరు ఇళ్లు తిరిగి చూశాను, ఒకరి ఇంట్లో సి 24 ఉంది, వాళ్లకీ ఫోను చేయించాను.